యార్డు ధరల పక్కన డాలరు రేటు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

రూపాయి పడినప్పుడల్లా పత్రికల్లోనూ టీవీల్లోనూ ఒకటే మాట వినిపిస్తుంది, ఎగుమతిదారులకు పండగ అని. 2025 డిసెంబరులో డాలరు మొదటిసారి 90 రూపాయలు దాటినప్పుడూ అదే మాట. నేను గుంటూరులో ఒక చిన్న మిర్చి ఎగుమతి సంస్థలో లెక్కలు చూస్తాను. బ్యాంకు కాగితాలు, షిప్పింగ్ బిల్లులు, కొనేవాళ్లతో రేటు మాటలు, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. ఆ పండగ లోపలి నుంచి ఎలా ఉంటుందో చెబుదామని ఈ ఉత్తరం.

రూపాయి పడితే ఎగుమతిదారుకు లాభమే, కాదనను. డాలరుకు 88 బదులు 90 వస్తే ఎవరికి చేదు? కానీ ఆ లాభం చేతికి రావాలంటే మేం రేటు చెప్పిన రోజుకీ డబ్బు ఖాతాలో పడిన రోజుకీ మధ్య రూపాయి పడాలి. ఆ మధ్యలో అది లేచిందంటే మా పని అయినట్టే. ఈ రెండు రోజుల మధ్య దూరం ఒక్కోసారి నెల, ఒక్కోసారి మూడు నెలలు. రూపాయి 85 దగ్గర ఉన్నా 90 దగ్గర ఉన్నా మేం వ్యాపారం చేసుకోగలం. ఇవాళ ఒకచోట, రెండు నెలలకు ఇంకోచోట ఉంటేనే చేయలేం.

ఒక కంటైనరు లెక్క చెబుతాను. తొడిమ తీసిన తేజ రకం మిరపకాయలు ఒత్తి నింపితే నలభై అడుగుల కంటైనరులో సుమారు 14 టన్నులు పడతాయి. లెక్క తేలిగ్గా ఉండటానికి కిలో రెండు డాలర్లనుకుందాం. సరుకు విలువ 28,000 డాలర్లు. డాలరు ఒక్క రూపాయి అటూ ఇటూ అయితే మాకు 28,000 రూపాయల తేడా. ఇక మిగులు చూడండి. మిర్చి యార్డులో కొన్న ధర, కమీషన్, సెస్సు, తొడిమలు తీసే ఆడవాళ్ల కూలి, గోతాలు, ల్యాబ్ పరీక్ష, లారీ కిరాయి, ఓడ ఖర్చు, బ్యాంకు వడ్డీ అన్నీ పోగా కిలోకు రెండు రూపాయలు మిగిలితే మంచి బేరమే అనుకుంటాం. 14,000 కిలోలకు అది 28,000 రూపాయలు. అంటే డాలరు ఒక్క రూపాయి తగ్గితే కంటైనరు ఊరికే పంపినట్టు. రెండు రూపాయలు తగ్గితే ఎదురు డబ్బులిచ్చి పంపినట్టు.

అంత తేడా ఎక్కడొస్తుందిలే అంటారేమో. 2025 ఫిబ్రవరిలో డాలరు 88 రూపాయల దరిదాపులకు వెళ్ళింది. యార్డుకు కొత్త కాయ జోరుగా వచ్చే కాలం అదే, బేరాలు ఎక్కువగా కుదిరేదీ అప్పుడే. మే మొదటి రోజులకల్లా అదే డాలరు 84 దగ్గరికి వచ్చేసింది. ఫిబ్రవరి రేటు చూసుకుని బేరం కుదుర్చుకుని, మే నెలలో డబ్బు అందుకున్నవాళ్ల సంగతి తెలియాలంటే పై లెక్కను దాదాపు నాలుగుతో హెచ్చవేసుకోవాలి. తర్వాత అదే ఏడాది చివరికి డాలరు 90 దాటింది. డిసెంబరులో నిలబడి వెనక్కి చూసేవాళ్లకు ఏడాదంతా రూపాయి పడుతూ వచ్చినట్టే కనిపిస్తుంది. మధ్యలో మే నెల ఒకటుందని మాకు గుర్తు. డిసెంబరులో డాలరు ఎంత పెరిగినా అప్పటికి మా దగ్గర అమ్మడానికి ఉండేది కోల్డ్ స్టోరేజీలో మిగిలిన కాయే.

రూపాయి పడిన కబురు కొనేవాళ్లకు మాకంటే ముందే తెలుస్తుంది, ఆ అంకెలే వాళ్ల ఫోన్లలోనూ ఉంటాయి కదా. పొద్దున్నే వాట్సాప్‌లో ముందు నమస్కారం, ఆ వెంటనే మీ రూపాయి పడిందటగా, టన్నుకు 40 డాలర్లు తగ్గించండి అని. తగ్గించకపోతే పక్కవాళ్లను అడుగుతారు, వాళ్లలో ఎవరో ఒకరు తగ్గిస్తారు. అందరం తగ్గించాక రూపాయి మళ్లీ లేస్తుంది. అప్పుడు టన్నుకు 40 డాలర్లు పెంచమని అడిగి చూడండి! ఇన్నేళ్లలో ఒక్క కొనుగోలుదారు కూడా మీ రూపాయి బలపడింది పాపం, ఇంకో నాలుగు డాలర్లు తీసుకోండి అనలేదు. రూపాయి పడినప్పుడు వచ్చే లాభంలో సగం అవతలివాళ్లు పట్టుకుపోతారు, లేచినప్పుడు నష్టం మొత్తం మాకే.

మాకే అన్నాను కానీ, అది పూర్తి నిజం కాదు. ఆ రిస్కులో కొంత మేం ఇంకొకరి మీదికి నెడతాం. ఈ సంగతి మా వ్యాపారంలో ఎవరూ బయటికి చెప్పరు.

డాలరు 90 దాటిన రోజుల్లో యార్డులో ఒక రైతు నన్ను అడిగాడు, "మేడమ్, డాలరు తొంభై అయిందంట గదా, మాకు రేటు ఎందుకు పెరగలా?" అని. పల్నాడు నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకొచ్చాడు. మా కొనుగోలు చూసే కుర్రాడు అప్పటికే పిడికెడు కాయలు తీసి, గలగలమంటున్నాయో లేదో ఊపి చూసి, ఒకటి విరిచి రంగు చూసి, తన రేటు చెప్పేశాడు. ఆ రేటు వాడి నోట్లోంచి వచ్చినా, అది తయారైంది నా కంప్యూటర్లో. బ్యాంకు రేటు 90 ఉంటే నేను 90తో లెక్క వేయను, 88తో వేస్తాను. రూపాయి లేస్తే తట్టుకోవడానికి ఆ రెండు రూపాయలు పక్కన పెడతాను. కిలో రెండు డాలర్ల సరుకు మీద డాలరుకు రెండు రూపాయలు తగ్గిస్తే కిలోకు నాలుగు రూపాయలు, క్వింటాకు 400. రూపాయి నెలల తరబడి కుదురుగా ఉన్నప్పుడు నేను అర్ధ రూపాయి మాత్రమే పక్కన పెడతాను, అప్పుడు ఆ కోత క్వింటాకు 100. కళ్లంలో కాయ ఆరబోసి, మబ్బు పట్టగానే పట్టాలు కప్పే రైతు చేసేదీ ఇదే పని. తేడా ఏమిటంటే పట్టా ఖర్చు అతను తానే పెట్టుకుంటాడు, నేను కప్పే పట్టా ఖర్చు కూడా అతనే పెట్టుకుంటాడు.

అందరూ ఇలా చేస్తే పోటీలో ఎవరో ఒకరు ఎక్కువ రేటు పాడరా అని అడగొచ్చు. పాడతారు. ధైర్యం చేసి 90తో లెక్క వేసేవాళ్లు ప్రతి సీజన్లోనూ ఉంటారు. ఒకటి రెండేళ్లు బాగా నడుస్తుంది, 2025 మే లాంటిది ఒకటి రాగానే వాళ్ల గోడౌన్ ముందు బోర్డు మారిపోతుంది. అలా పోయినప్పుడు కమీషన్ ఏజెంటు డబ్బు ఆగుతుంది, ఆయన దగ్గర రైతు డబ్బు ఆగుతుంది.

అయితే 2025 సీజన్లో యార్డులో ధర కుప్పకూలడానికి డాలరే కారణమని నేననను. పాత నిల్వలున్నాయి, అవతల కొనుగోళ్లు మందగించాయి. ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చిందంటే అది ఒక్క మారకం రేటుతో వచ్చిన కష్టం కాదు. కానీ క్వింటాకు మూడు నాలుగు వందలంటే ఆ ఏడాది రైతుకు చిన్న మొత్తమూ కాదు. పైగా రూపాయి పడినప్పుడు రైతు ఖర్చు మాత్రం వెంటనే పెరుగుతుంది. పొటాష్ మొత్తం బయటి నుంచే రావాలి, పురుగుమందుల ముడిసరుకులో చాలా భాగం చైనాది. మిర్చికి పడే మందులు ఎన్నో పండించేవాళ్లకు చెప్పక్కర్లేదు. పడినప్పుడు మందుల కొట్లో కట్టాలి, లేచినప్పుడు యార్డులో వదులుకోవాలి.

దీనికి విరుగుడు లేదా అంటే ఉంది. ఫార్వర్డ్ కాంట్రాక్ట్ అంటారు. మూడు నెలల తర్వాత రాబోయే డాలర్లను ఇవాళే ఫలానా రేటుకు బ్యాంకుకు అమ్మేస్తున్నట్టు ఒప్పందం. మన వడ్డీ రేట్లు అమెరికా రేట్ల కంటే ఎక్కువ కాబట్టి మామూలుగా ఆ రేటు ఇవాళ్టి దానికంటే కాస్త ఎక్కువే దొరుకుతుంది కూడా. కాగితం మీద ఇంత మంచిది ఉండగా చిన్నవాళ్లు ఎందుకు వాడరని టీవీలో నిపుణులు ఆశ్చర్యపోతుంటారు. ముందు బ్యాంకు లిమిట్ ఇవ్వాలి, అంటే ఎంత మొత్తం దాకా ఒప్పందం చేసుకోవచ్చో చెప్పాలి, లిమిట్ కావాలంటే తాకట్టు పెట్టాలి. మా గోడౌన్ కాగితాలు ఎప్పుడో ప్యాకింగ్ క్రెడిట్ (సరుకు కొని పంపడానికి తీసుకునే అప్పు) కింద బ్యాంకు బీరువాలోకి వెళ్ళిపోయాయి, ఇంకేం పెట్టాలి? సరే, ఎలాగో లిమిట్ వచ్చిందనుకుందాం. అప్పుడు చెప్పిన గడువుకు డాలర్లు తెచ్చి ఇవ్వాలి. నెల రోజుల్లో ఎప్పుడైనా ఇవ్వొచ్చనే రకం ఫార్వర్డ్‌లూ ఉన్నాయి, కానీ ఆ నెల కూడా దాటితే కాంట్రాక్ట్ రద్దు చేసి, ఆ రోజు మార్కెట్ రేటుతో ఉన్న తేడా మేమే కట్టుకోవాలి. ఫార్వర్డ్ కాపాడాలంటే డబ్బు వచ్చే తేదీ గట్టిగా తెలియాలి. మా కొనుగోలుదారుల దేశాల్లో ఆ తేదీయే తెలియదు.

కొలంబో సంగతి చెబితే ఇది అర్థమవుతుంది. శ్రీలంక వాళ్లు తినే ఎండుమిర్చిలో చాలా భాగం మన దేశం నుంచే వెళ్తుంది. 2022 మార్చి 7న వాళ్ల కేంద్ర బ్యాంకు తమ రూపాయిని మార్కెట్‌కు వదిలేసింది. అప్పటిదాకా డాలరుకు 200 దగ్గర పట్టి ఉంచారు. మే నెలకల్లా 360 దాకా పోయింది. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ఆ ప్రభుత్వం ప్రకటించింది. సరిగ్గా మా సీజను. మా సరుకు కొనే పెద్దమనిషిది పెట్టా బజారులో మిరపకాయల హోల్‌సేల్ కొట్టు, మాటంటే మాటే. ఆయన దగ్గర డబ్బుంది, శ్రీలంక రూపాయల్లో. దాన్ని తీసుకుని డాలర్లిచ్చే బ్యాంకే లేదు. కంటైనరు రేవులో దిగింది, కాగితాలు బ్యాంకులో ఉన్నాయి, కాగితాలు విడిపించుకోవడానికి డాలర్లు లేవు. రోజూ రాత్రి ఫోన్ చేసి, మా ఖాతా కొలంబోలో తెరవండి, మొత్తం మా రూపాయల్లో వేసేస్తాను అనేవాడు. 200 మీద వేసుకున్న లెక్క 360 అయ్యేసరికి ఆయన కొట్లో కిలో ధర రెట్టింపుకు చేరువైంది, కొనేవాళ్లు పావు కిలో బదులు వంద గ్రాములు కట్టించుకుంటున్నారని చెప్పాడు.

రేవులో కంటైనరు ఊరికే ఉండనివ్వరు, రోజుకింత అని డెమరేజీ. గుంటూరు ఎండలో గలగలలాడిన కాయ కొలంబో తేమకు మెత్తబడుతుంది, రంగు దిగుతుంది. చివరికి ధర తగ్గించి, డెమరేజీలో సగం భరించి, డబ్బు ముక్కలు ముక్కలుగా అందుకున్నాం. ఆ ముక్కలు వచ్చిన నెలల్లో మన రూపాయి కూడా పడుతూనే ఉంది, మార్చిలో 76 దగ్గర ఉన్న డాలరు అక్టోబరుకు 82 దాటింది. పత్రికల లెక్కలో మాకు ఆ ఏడాది కూడా పండగే. డాలరుకు ఆరు రూపాయలు ఎక్కువొచ్చాయి, రావలసిన డాలర్లే తగ్గాయి.

ఢాకాది ఇంకో రకం. బంగ్లాదేశ్ కరెన్సీ టాకా ఒక్కసారిగా కూలలేదు, కానీ 2022 మొదట్లో డాలరుకు 86 ఉన్నది పడుతూ పడుతూ 110కి వచ్చింది, 2024 మే 8న ఒక్క దెబ్బకు 117 చేశారు. అంతకంటే పెద్ద చిక్కు డాలర్ల కరువు. సరుకు డబ్బుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రాన్ని ఎల్‌సీ అంటారు. ఆ రోజుల్లో బ్యాంకులు ఎల్‌సీ తెరిచేవి కావు, తెరిచినా మొత్తం డబ్బు ముందే కట్టమనేవి. 2020 జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిర్చితో ప్రత్యేక పార్సిల్ రైలు వెళ్ళింది, మీ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రైలుందీ సరుకుందీ, అవతల తినేవాళ్లూ ఉన్నారు. రెండేళ్లు తిరిగేసరికి ఆగిపోయింది ఎల్‌సీ దగ్గర. విచిత్రం ఏమిటంటే డాలరు ఆ రైతుదీ కాదు, ఢాకా గృహిణిదీ కాదు. గుంటూరు కాయ ఢాకా కూరలో పడటానికి మధ్యలో అమెరికా నోటు ఎందుకుండాలి అని మా ఓనరు గారు అడుగుతుంటారు. ఆ ప్రశ్న ప్రభుత్వాలకూ వచ్చింది. 2023 జులైలో రెండు దేశాల మధ్య రూపాయల్లో వ్యాపారం మొదలుపెట్టారు. మంచిదే, కానీ బంగ్లాదేశ్ మనకు అమ్మేది తక్కువ, మన దగ్గర కొనేది చాలా ఎక్కువ. వాళ్ల చేతికి వచ్చే రూపాయలే కొన్ని, వాటిలో ఎండుమిర్చి దాకా మిగిలేదెంత? అందుకని ఇప్పటికీ బిల్లు డాలర్లలోనే వేస్తున్నాం.

రిజర్వు బ్యాంకు రూపాయిని కదలకుండా పట్టుకోవాలని నేను కోరడం లేదు. 2023, 2024 సంవత్సరాల్లో చాలా భాగం డాలరు 82, 84 మధ్యనే తిరిగింది. ఆ నిలకడకు అందరం అలవాటు పడ్డాం. ఫార్వర్డ్ తీసుకునే కొద్దిమంది కూడా ఎందుకీ ఖర్చని మానేశారు. ఆ తర్వాత ఒకే ఏడాదిలో అటు నాలుగు రూపాయలు, ఇటు ఆరు రూపాయలు ఊగేసరికి ఎవరి దగ్గరా గొడుగు లేదు. 2013 చూసినవాళ్లు కూడా ఇందులో ఉన్నారు. ఆ ఏడాది మేలో 55 దగ్గరున్న డాలరు ఆగస్టు 28న 68 దాటింది. 70 అవుతుందని డాలర్లు ఖాతాలోనే ఉంచుకున్న మహానుభావులు అక్టోబరులో 62 దగ్గర మార్చుకున్నారు. అదీ ఎగుమతిదారుల పండగే మరి.

నేను అడిగేవి చిన్నవి. మొదటిది బ్యాంకుల సంగతి. ఆ మధ్య మా బ్యాంకు శాఖలో ఒక చెల్లింపు రూపాయల్లోకి మార్చినప్పుడు, ఆ నిమిషానికి మార్కెట్లో నడుస్తున్న రేటుకూ మాకు వేసిన రేటుకూ 40 పైసల తేడా కనిపించింది. 28,000 డాలర్ల మీద 11,200 రూపాయలు. ఎందుకని అడిగితే, "రేటు పైనుంచి వస్తుంది మేడమ్, మా చేతుల్లో లేదు" అన్నారు. చిన్న ఖాతాదారులు కూడా అసలు మార్కెట్ రేటు చూసుకుని మార్చుకునేలా ఎఫ్‌ఎక్స్ రిటైల్ అనే వేదిక 2019 నుంచీ ఉంది. దాని పేరు చెబితే ఆ కౌంటర్లో అమ్మాయి పక్క కౌంటర్ వైపు చూసింది, పక్క కౌంటర్ ఆయన మేనేజరు గది వైపు చూశాడు. గుంటూరు లాంటి ఊళ్లో విదేశీ మారకం చేసే ప్రతి శాఖలోనూ మార్కెట్ రేటు ఎంత, అందులో బ్యాంకు తీసుకునే పైసలెన్ని అని రోజూ బోర్డు మీద రాయమనండి. బంగారం కొట్లో గ్రాము ధర రాస్తున్నారు కదా. చిన్న ఎగుమతిదారుల సంఘాలు కూడా కలిసి ఒక్క గొంతుతో బ్యాంకును ఫార్వర్డ్ లిమిట్ అడిగితే, ఒక్కొక్కరం వెళ్లి అడిగినప్పుడు దొరకనిది దొరుకుతుందని నా నమ్మకం. మాలో మాకు పడకపోవడం వల్ల ఆ పని జరగడం లేదు, దానికి బ్యాంకుల్ని అని లాభం లేదు.

రెండోది మీరు చేయగలిగిందే. రోజూ మీ జిల్లా పేజీలో యార్డు ధరలు వేస్తారు, తేజ రకం ఇంత, 334 రకం ఇంత, తాలు (నాసి కాయ) ఇంత అని. దాని కింద ఇంకో వరుస వేయండి. డాలరు ఇవాళ ఎంత, నెల కిందట ఎంత, మూడు నెలల ఫార్వర్డ్ ఎంత. పక్కనే శ్రీలంక రూపాయి, టాకా, చైనా యువాన్. డాలరు పెరిగినా తన రేటు ఎందుకు పెరగలేదని రైతు అడిగినప్పుడు మా కుర్రాడు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోకుండా ఉండాలంటే ఆ అంకెలు రైతు చేతిలో ఉండాలి. టాకా పడిపోయిందని నెల ముందే తెలిస్తే, కాయ ఇప్పుడే అమ్మాలా కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్న ఆలోచన కూడా మారుతుంది. రోజూ వేయడం కష్టమైతే వారానికొకసారి సోమవారం వేసినా సరిపోతుంది. అంకెలు సేకరించే మనిషి లేరంటారా, ఆ పని ఎలాగూ నేను చేసుకుంటూనే ఉన్నాను. ఆదివారం సాయంత్రానికి మీ గుంటూరు కార్యాలయానికి మెయిల్ చేస్తాను.

ఇట్లు,
ఒక మిర్చి ఎగుమతి సంస్థ అకౌంట్స్ ఉద్యోగిని,
గుంటూరు